వెన్నెలగొడుగు పొదిగిన కుండ

ఆ పొద్దు ఆకాశం తెల్లవారడానికి జంకుతున్నట్టుంది. తూర్పున ఎరుపు ఒకసారి తల ఎత్తి, మాసిన బొంతలాంటి మబ్బు కింద మళ్ళీ అణిగిపోయింది. వాన లేదు, గాలి లేదు. పొగ మాత్రం ఉంది. నల్లకోన అడవి నెల రోజులుగా తగలబడుతూనే ఉంది. ఆ పొగలో సూర్యుడు ఎక్కడున్నాడో కాకులకు కూడా తెలియక, కూయాలా వద్దా అన్నట్టు కొమ్మల మీద తలలు తిప్పుతున్నాయి.

కోన అడుగున, రెండు బండల నడుమ, పోలన్న బోర్లా పడుకుని పాకుతున్నాడు. ఇళ్ళకు గడ్డి కప్పడం అతని పని. తొలకరి పడితే అడవిలో పుట్టగొడుగులు ఏరడం చిన్ననాటి అలవాటు. మాటకు పొదుపు, కంటికి ఆశ. ఏ పుట్ట మీద ఏ గొడుగు ఏ ఉరుముకు లేస్తుందో చూసి చెప్పగలడు. చెప్పమంటే మాత్రం నాలుగుసార్లు అడగాలి.

ఇంతదూరం అతన్ని తెచ్చింది భయం. గంధశిల కోటకు ఏటివైపున్న జలద్వారాన్ని రెండు ఇనుపసింహాలు కాస్తాయి. వాటి కోరల మధ్య ఉంటుంది ద్వారపు గొలుసు. నాలుగు నెలలకొకసారి, పున్నమి చంద్రుడు పొడిచే వేళకు, రాజరక్తం పంచుకు పుట్టినవాళ్ళు ఎదుట నిలిచి ద్వారమంత్రం పలికితే సింహాలు పట్టు బిగిస్తాయి. పలకకపోతే నోళ్ళు తెరుస్తాయి. రాజు పోయాక ఆ రక్తం మిగిలింది ఒక్క యువరాణి కేతకిలోనే. అది తెలిసే మాంత్రికుడు ధూమ్రజిహ్వుడు మూడు నెలల కిందట ఒక సంపెంగలో పొగ దాచి పంపాడు. పువ్వు వాసన చూసిన యువరాణికి ఆ క్షణమే మాట పడిపోయింది. ఇప్పుడు వాడి సేన కోట చుట్టూ డేరాలు వేసుకుని, వంటలు చేసుకుంటూ, పున్నమి కోసం తాపీగా కాచుకుని ఉంది.

పొగకు ఊరు వదిలిన పొదలపల్లెవాళ్ళు జలద్వారం లోపలి మెట్ల మీదే పాకలు వేసుకున్నారు. పోలన్న తల్లి, చెల్లెలు, చెల్లెలి నాలుగు నెలల పసికందు అక్కడే ఉన్నారు. సింహాలు నోళ్ళు తెరిస్తే మొదటి గుర్రం డెక్క పడేది ఆ పాకల మీదే.

యువరాణి జబ్బుకు మందు ఒక్కటే, వెన్నెలగొడుగు. చీకట్లో వెన్నెల కాసే పుట్టగొడుగు అది. కానీ కోసిన జాముకల్లా నల్లని సిరాలా కరిగిపోతుంది. కోటకేమో మూడు రోజుల దారి. కనుక అది పుట్టిన మొద్దు తెచ్చి, కోటలోనే కుండల్లో మొలిపించాలి. అప్పటికి అయిదుగురు రాచతోటమాలులు మొద్దులు తెచ్చారు, మొలిపించలేకపోయారు, చీకటికొట్టులో కూర్చున్నారు. ఆ తరువాత మాంత్రికుడు అడవికే నిప్పు పెట్టించాడు.

బండ మలుపు తిరగగానే పోలన్న పాకడం ఆపేశాడు.

కూలిన బూరుగుమాను ఒకటి, సగం కుళ్ళి, నాచు కప్పుకుని పడి ఉంది. ఆ పొగచీకట్లో దాని పొట్ట మీద ఎవరో కుండెడు పాలు ఒలకబోసినట్టు తెల్లని వెలుగు. ఆ వెలుగులో పదమూడు గొడుగులు. ముత్యాల కిరీటానికి కాళ్ళు మొలిచినట్టు, దేవకన్యలు జలక్రీడకు పోతూ గట్టున మరిచిన గొడుగుల్లా, ఒకదాని చాటున ఒకటి నిలబడి ఉన్నాయి.

పోలన్న వాటిని ముట్టుకోలేదు. గొడుగు కాయలాంటిది. చెట్టంతా మాను లోపల ఉంటుంది. మానునే మూరెడు మేర గొడ్డలితో నరికాడు.

గొడ్డలి దెబ్బ కోనంతా మోగింది. మోగిన మరుక్షణం పైన, కాలిన చెట్ల నడుమ, పొగ ముద్దలు ముద్దలుగా చేరి కుక్కలైంది. ధూమ్రజిహ్వుడి పొగకుక్కలు! కాళ్ళు నేలకానవు, మొరుగు వినపడదు, ముక్కు మాత్రం వేటకుక్క ముక్కు.

పోలన్న మొద్దును భుజాన వేసుకుని దూకాడు. ముళ్ళలో దూరాడు, రాళ్ళ మీద జారాడు. ఒక కుక్క పంచె అంచు పట్టింది. పట్టినమేర బట్ట బూడిదై రాలిపోయింది. ఎదురుగా లోయ. లోయ అడుగున వరదకు ఎర్రబడిన ఏరు. వెనక్కి చూసేంత తీరిక లేదు. మొద్దును రొమ్ముకు కరుచుకుని కళ్ళు మూసుకుని దూకాడు.

నీళ్ళలో పడ్డాక కళ్ళు తెరిచాడు. పొగ నీట మునగలేక పైన చక్కర్లు కొడుతోంది. కొట్టుకువస్తున్న తాటిదుంగ కింద తల దాచుకుని, మొద్దును దుంగ పైన తడినాచు కప్పి కట్టి, ఏరు తీసుకుపోయినచోటికి పోయాడు. ఒక మడుగులో మొసలి ఒకటి అతని కాలును చూసి నోరు తెరిచింది. గొడ్డలి కామను దాని దవడల మధ్య నిలువుగా నిలిపి, "ఉంచుకో" అన్నాడు. మూడు రోజుల దారిని ఏరు రెండు రోజుల్లో మింగింది.

కోటకు క్రోసెడు దూరాన గట్టెక్కాడు. ఇక శత్రువుల డేరాలు దాటాలి. పుట్టగొడుగు ముక్క దొరికినవాడి తల తీయమని మాంత్రికుడి ఆజ్ఞ. పాడుపడిన మండపంలో ఒక డోలు కనపడింది. పోలన్న ఒకవైపు చర్మం విప్పి, మొద్దును కడుపులో పెట్టి, మళ్ళీ బిగించాడు. ముఖానికి బూడిద రాసుకుని, జుట్టు విరబోసుకుని, డోలు మెడకు తగిలించుకుని నడిచాడు.

"ఆగరా! ఎవడివి?" బల్లెం అడ్డం పెట్టాడు కావలివాడు, బానకడుపు మనిషి.

"డోలువాణ్ణి దొరా."

"అయితే వాయించు. పొద్దున్నించి తోచి చావడం లేదు."

పోలన్న పుల్లతో కొట్టాడు. మొద్దు కడుపుతో ఉన్న డోలు "బొద్దు" అంది. మళ్ళీ కొట్టాడు. "బొద్దు."

"ఇదేం డోలురా, గేదె పేడ వేసినట్టు మోగుతోంది!" కావలివాడు నవ్వాడు. "తడిసిందిలే. ఇటు తే, పొయ్యి దగ్గర కాస్త వేడి చూపిస్తే పలుకుతుంది."

ఒక్క సెగ తగిలితే లోపలిది చచ్చిపోతుంది. వాడు అప్పటికే డోలు తాడు పట్టుకున్నాడు.

"ఇది చావుడోలు దొరా," అన్నాడు పోలన్న నెమ్మదిగా. "మామూలుగా మోగదు. రెండు దెబ్బలు పడ్డాయి. మూడో దెబ్బ అడిగినవాడి పేరు చెప్పి కొట్టాలి. తమరి పేరు?"

కావలివాడి చెయ్యి తాడు మీదినుంచి తేలు కుట్టినట్టు లేచింది. "నా పేరు... నాకు పేరు లేదు! ఫో ఇక్కడినుంచి, నీ మొహం మండ!"

"రెండు దెబ్బలు పడ్డాయి కదా దొరా, ఊరికే వదిలితే..."

"ఆ కోటలోవాళ్ళ పేరు మీద కొట్టుకో పోరా!"

అలా డేరాలు దాటి, కోటగోడ మీదివాళ్ళు వదిలిన తాడు పట్టుకుని, ఆరోవాడు కోటలో అడుగుపెట్టాడు. ధాన్యపుకొట్టు గడప దగ్గర ముసలి దాసి అక్కమ్మ ఎదురై, అతని నెత్తి మీద, డోలు మీద, లోపలినుంచి తీసిన మొద్దు మీద మామిడాకుతో పసుపునీళ్ళు చిలకరించింది. బయటినుంచి ఏది వచ్చినా ఆ అంతఃపురంలో అంతే.

రాణి హేలావతి అతన్ని పైనుంచి కిందికి చూసింది. కోడలిగా వచ్చిన మనిషి కాబట్టి ఆమె గొంతుకు సింహాలు లొంగవు. ఆ కోపం ఆమె కళ్ళలో కాపురం ఉంది.

"పున్నమికి ఎన్నాళ్ళుందో తెలుసా?"

"ఇరవై నాలుగు రోజులు, తల్లీ."

"ఓడితే?"

"చీకటికొట్టులో చోటుందో లేదో."

పక్కనున్న ఆస్థాన వైద్యుడు చ్యవనభట్టు ముక్కుతో నవ్వాడు. "అయిదుగురు ఉద్యానపండితులు చేయలేనిది ఇళ్ళు కప్పేవాడు చేస్తాడట! ఓరీ, ఇది చూరు సర్దడం కాదురా."

పోలన్న కొడవలి అందుకున్నాడు. గడ్డివాము వైపు నడిచాడు.

వరిగడ్డిని జానెడు జానెడు కోశాడు. ఒక పూట నానబెట్టి, పెద్ద కాగులో ఉడికించి, ఈతచాప మీద ఆరబోశాడు. గుప్పెట పట్టి పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి గాని చుక్క రాలకూడదు. కొత్తకుండలకు చుట్టూ చిన్న బెజ్జాలు వేసి, గడ్డి ఒక వరుస, మొద్దులోంచి గీరిన అల్లంముక్కంత తునకలు ఒక వరుస పరిచి, మూతికి గుడ్డ కట్టాడు. మూడు కుండలు. ధాన్యపుకొట్టులో, వంటింటి గోడ వెచ్చదనం తగిలే మూల వాటి చోటు. దీపం మాత్రం ఆర్పనివ్వలేదు అక్కమ్మ. రోగి ఉన్న ఇంట అఖండదీపం ఆరకూడదని ఆ కోట ఆచారం. ప్రతి గదిలోనూ రాత్రీ పగలూ వెలగాల్సిందే. పోనీ అని పోలన్న దీపానికి చాప అడ్డం పెట్టాడు.

మొదటి నాలుగు రోజులు అతను కుండల పక్కనే కూర్చున్నాడు. తినడం అక్కడే, పడుకోవడం అక్కడే. తెల్లవారుజామున ఒక గడియ మాత్రం కళ్ళు వాలేవి. పాకల్లోంచి అతని చెల్లెలు రోజూ కబురు పంపేది: "అన్నా, మొలిచిందా?"

అయిదో రోజు గుడ్డ విప్పాడు. తునకల చుట్టూ దూదిపింజలా తెల్లని పోగులు రావాలి. రాలేదు. తొలకరి మన్ను వాసన రావాలి. పులిసిన కుడితి వాసన వచ్చింది. ఎనిమిదో రోజుకు మూడు కుండల్లోనూ పచ్చబూజు.

"ఆరో చాప పరవమంటారా చీకటికొట్టులో?" అన్నాడు చ్యవనభట్టు.

యువరాణి కేతకి ఆ మాట వింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మాట పోయినప్పటినుంచి చేతులతో మాట్లాడుతుంది, కోపం వస్తే కత్తితో. భట్టు వైపు వేలు చూపి, తన నోటి మీద వేలు వేసుకుని, ఆ వేలిని మొలలోని కత్తి మీద పెట్టింది. భట్టుకు అర్థమైంది. ఎవరికైనా అర్థమవుతుంది. ఆ పొద్దునుంచి ఆమె కొట్టుగది వాకిట్లోనే పీట వేసుకుని కూర్చుంది.

మొద్దు నాలుగు వేళ్ళ మందం మిగిలింది. పోలన్న మళ్ళీ గడ్డి కోశాడు, మళ్ళీ ఉడికించాడు. మిగిలినదాంట్లో సగం ఒక్క కుండలో పరిచాడు. ఈసారి దాన్ని మూలకు పూర్తిగా నెట్టి, గోడకు ఆనించి పెట్టాడు. నాలుగు రోజులు ఆగి గుడ్డ ఎత్తాడు.

గోడవైపు గడ్డిలో తెల్లని పోగులు! సాలెపట్టులా, పసిపిల్లల నూగుజుట్టులా అల్లుకుంటూ వచ్చి, కుండ నడిమికి చేరి, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయాయి. గదివైపు సగంలో ఒక్క పోగు లేదు.

పోలన్న ఆ గీతను చాలాసేపు చూశాడు. ఒక గడ్డిపరక తీసి దీపం దగ్గర పెట్టి తిప్పాడు. పరక మీద చిన్న పసుపుపచ్చ మరక. మూతిగుడ్డ తిప్పి చూశాడు. గదివైపే మరకలు. గోడవైపు లేవు.

ఆ తెల్లవారుజామున అతను నిద్ర నటించాడు. తలుపు కిర్రుమంది. మెట్టెల చప్పుడు. అక్కమ్మ కంచుగిన్నెతో వచ్చి, ఏదో గొణుక్కుంటూ, మామిడాకు ముంచి కుండ మీద చిలకరించబోయింది.

"అవ్వా," అన్నాడు పోలన్న చాప మీదినుంచే. "ఏం చేస్తున్నావు?"

"ఓరి నీ అఘాయిత్యం కూలా, గుండె ఆగింది కదరా! ఏం చేస్తాను, పసుపునీళ్ళు చల్లుతున్నా. అడవిసొత్తు ఇంట్లో ఉంచి, అంటు తీయకపోతే మొలుస్తుందా? రోజూ చల్లుతున్నా. వాళ్ళ అయిదుగురి కుండలకూ చల్లాను, పాపం, నా చేతనైన సాయం."

పోలన్న లేచి కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "అవ్వా, ఊరగాయ జాడీలో పసుపెందుకు వేస్తావు?"

"బూజు పట్టకుండా. అదికూడా తెలీదా..."

మాట అక్కడే ఆగింది. ముసలామె కుండ వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, గోడకవతల చీకటికొట్టు ఉన్న వైపు చూసింది. తరువాత మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"ఇది కూడా బూజేనా అబ్బీ?"

"మంచిబూజు అవ్వా. గొడుగుకు తల్లివేరు."

"ఆ అయిదుగురు... నా చేతులతోనే..." కొంగు నోట్లో కుక్కుకుంది. వాకిట్లో కేతకి అంతా వింటూనే ఉంది. లోపలికి వచ్చి, గిన్నె తీసుకుని, నీళ్ళు కిటికీలోంచి పారబోసి, ఖాళీగిన్నె మళ్ళీ అక్కమ్మ చేతిలో పెట్టి, ఆ చేతిని ఒకసారి నొక్కి వదిలింది.

పోలన్న పోగు అల్లిన గడ్డిని వేరుచేసి, చివరి తునకలు కలిపి, కొత్తకుండలో సర్దాడు. పున్నమికి పన్నెండు రోజులు. ఇక మొద్దు లేదు. ఉన్నదంతా ఆ కుండలోనే ఉంది.

ఈ కుండకు అక్కమ్మ కాపలా. గడప ఎవరు తొక్కినా, "కాళ్ళు కడిగావా? ఉట్టినీళ్ళే కదా?" అని అడిగేది. రాణిని కూడా అడిగింది.

ఎనిమిదో రోజుకు కుండంతా తెల్లబడింది. పోలన్న మూతి విప్పి, రోజుకు మూడు పూటలా తడిగుడ్డ విదిలించాడు. పదో రోజున ఆవగింజలంత మొటిమలు లేచాయి. ఆ సంగతి ఎలా తెలిసిందో ధూమ్రజిహ్వుడికి తెలిసింది.

మిట్టమధ్యాహ్నం. తలుపు కింది సందులోంచి సన్నని పొగ, జెర్రిలా, లోపలికి పాకింది. నేల మీద రెండు మూరలు వచ్చి, పడగ ఎత్తి, తాచుపామైంది. దాని ఊపిరి తగిలిన చాప అంచు మాడిపోయింది.

"గడ్డి!" అరిచాడు పోలన్న. అక్కమ్మ నానబెట్టిన గడ్డి మోపు ఈడ్చుకొచ్చి తలుపు సందులో కుక్కింది. తోక తెగిన పాము గిర్రున తిరిగి కుండ మీదికి లేచింది. పోలన్న కుండకూ పాముకూ మధ్య వీపు పెట్టాడు. వీపు కాలింది. పళ్ళు బిగించాడు. కేతకి వాకిలి కిటికీలోంచి దూకి, కత్తిని నీళ్ళకాగులో ముంచి, ఒక్క వేటు వేసింది. పొగకు కత్తి దెబ్బ లెక్కలేదు గాని, తడికి ఉంది. తల ఒకవైపు, మొండెం ఒకవైపు పడి, రెండు పిడికెళ్ళ మసిగా మిగిలాయి.

"వీపు చూపించరా!" అంది అక్కమ్మ.

"ముందు కుండ చూడవ్వా."

కుండ చెక్కుచెదరలేదు. వీపు మానడానికి మాత్రం వారం పట్టేలా ఉంది.

పున్నమి నాటి సాయంకాలానికి పదకొండు గొడుగులు లేచాయి. తలలు ఇంకా విప్పుకోలేదు, గుడ్డులా ముడుచుకుని ఉన్నాయి. విప్పుకుంటే కరగడం మొదలు. పోలన్న ఒక్కొక్కటే మెలితిప్పి కోశాడు. చ్యవనభట్టు ఒకటి తీసుకుని, కంబళి కప్పుకుని చీకట్లో చూశాడు. కంబళి తీసినప్పుడు ముఖం పాలిపోయి ఉంది. ఈసారి వెటకారం లేదు.

"వెలగడం లేదు. రాణీ, వెన్నెలగొడుగు చీకట్లో వెలగాలని గ్రంథం. ఇది వేరే ఏదో. గడ్డిలో పుట్టిన కుక్కగొడుగైతే తిన్నవాళ్ళు తెల్లవారి లేవరు."

అందరూ పోలన్న వైపు చూశారు. అతను కంబళి కప్పుకుని చూశాడు. నిజమే. చిన్న మిణుగురంత వెలుగు కూడా లేదు. వాసన అదే, కాడ అదే, చర్మం అదే. వెలుగు లేదు. జలద్వారం వైపునుంచి పాకల్లో పసిపిల్ల ఏడుపు సన్నగా వినిపిస్తోంది. అది మేనకోడలిదే కానక్కరలేదు. కానీ అతనికి అలాగే వినపడింది.

"ఏమంటావు?" అంది రాణి.

"నాకు తెలియదు తల్లీ," అన్నాడు పోలన్న. "మా ఊళ్ళో ఒక పద్ధతుంది. అనుమానపు గొడుగు వండితే, ఇంటిల్లిపాదీ ఒకే కుండలోంచి, ఒకే బంతిలో తింటాం. తెచ్చినవాడిది మొదటి ముద్ద. తిన్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. విషమైతే ముందు నాలుక మీద చురుక్కుమంటుంది. మాట్లాడేవాడికి నాలుక చెప్పే కబురు వినపడదు."

"చురుక్కుమంటే?"

"ఉమ్మేసి ఆకు బోర్లించాలి. ఒక్కరు బోర్లిస్తే అందరూ ఆపాలి. ఆఖరున తిన్నవాళ్ళు ఆకు మడిచాకే మాట."

"ఇంటిల్లిపాదీ ఎందుకు? ఒక్కరు చూస్తే చాలదా?"

"ఒక్కడి నాలుక అబద్ధమాడుతుంది. ఆశ ఉన్నవాడిది మరీను."

రాణి కిటికీలోంచి తూర్పు చూసింది. "అందరం తిని అది విషమే అయితే కోటకు దిక్కెవరు?"

"తినకపోతే మాత్రం ఎవరు తల్లీ?"

సింహాసనం ఎక్కే మనిషి వచ్చి కొట్టుగది నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "భట్టుగారూ, మీరూ రండి."

"నేనా! నాకివాళ ఏకాదశి ఉపవాసం..."

"పున్నమినాడు ఏకాదశా?" అంది అక్కమ్మ. "గ్రంథం చూసుకున్నారా?"

భట్టు కూర్చున్నాడు. సింహాల ఎదుట నిలవాలంటే కేతకి ఎంతో దూరం పోనక్కరలేదు. కొట్టుగది కిటికీకి ఎదురుగానే జలద్వారం. నాలుగు అంగల్లో మెట్లు. అక్కమ్మ కూర దించి, అన్నంతో అయిదు విస్తళ్ళలో వడ్డించి, తనూ చివర కూర్చుంది.

పోలన్న మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు, వెంటనే మిగతా నలుగురూ.

నాలుక చురుక్కుమంది.

ఉమ్మాలా? చెయ్యి ఆకు అంచు దాకా పోయింది. అవతల చ్యవనభట్టు కళ్ళు తేలేసి తన ఆకు అంచు అప్పటికే పట్టుకున్నాడు. పోలన్న అక్కమ్మ వైపు చూశాడు. ముసలామె ముఖం వాడిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఏదో చిదిమినట్టు చూపి, తల దించుకుంది.

మిరియాలు! చేతివాటం మానలేక మిరియాలు వేసింది మహాతల్లి!

పోలన్న తన అన్నంలో వెతికి, ఒక మిరియపు బద్ద తీసి, చ్యవనభట్టు విస్తట్లో పెట్టాడు. భట్టు దాన్ని చూశాడు, నాలుకతో అందుకుని కొరికాడు, కళ్ళు మూసుకుని తన నాలుకను విన్నాడు. తరువాత ఆకు అంచు వదిలేశాడు. అయినా మిరియం వెనక ఇంకేదైనా నక్కి ఉందేమో ఎవరికి తెలుసు? అందరూ నమిలేది తక్కువ, వినేది ఎక్కువ.

బయట శత్రువుల నగారా మొదలైంది. జలద్వారం దగ్గర గొలుసు ఒకసారి కిర్రుమంది. కిటికీలోంచి పొగ ఒక్క విసురున వచ్చి, చాప తోసి, అఖండదీపాన్ని ఆర్పేసింది.

చిమ్మచీకటి. అక్కమ్మ నోటి దాకా వచ్చిన కేకను అరచేత్తో మూసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

అప్పుడు మూలన ఉన్న కుండ కనిపించింది.

బెజ్జం బెజ్జంలోంచి వెన్నెల కారుతోంది. లోపలి గడ్డి పరకపరకా, పోగుపోగూ, నక్షత్రాలు నూరి పోసినట్టు వెలుగుతోంది. అడవిలో ఆనాడు వెలిగింది గొడుగులు కావు, మాను. గొడుగులు ఆ వెలుగులో నిలబడ్డాయంతే. గొడుగు కాయలాంటిది, చెట్టంతా లోపల ఉంటుందని తెలిసీ, వెలుగును కాయలో వెతికాడు తను. ఇన్నాళ్ళూ ఆ గదిలో దీపం ఆరింది లేదు. చూసినవాళ్ళు లేరు.

ఆ మాట చెప్పాలని పోలన్నకు నోరు నిండా వచ్చింది. జన్మలో మొదటిసారి అంత మాట వచ్చింది. చెప్పకూడదు. మింగాడు, ముద్దతోపాటు.

చ్యవనభట్టు కుండను చూశాడు. చూసి, ఈసారి పెద్ద ముద్ద కలిపాడు. రాణి ముద్ద కలిపింది. అక్కమ్మ కళ్ళు తుడుచుకుని ముద్ద కలిపింది. కుండవెలుగులో అయిదు చేతులు ఆకుకూ నోటికీ మధ్య తిరుగుతున్నాయి. చంద్రుడు పొడవబోయే తూర్పుకొండ అంచు తెల్లబడుతోంది. గొలుసు రెండోసారి కిర్రుమంది, ఈసారి గట్టిగా. పోలన్న ఆకు మడిచాడు. రాణి మడిచింది. భట్టు మడిచాడు, అక్కమ్మ మడిచింది.

కేతకి విస్తట్లో ఇంకా రెండు ముద్దలున్నాయి. ఆమె తొందరపడలేదు. ఒకటి తిని, నమిలి, మింగింది. గొంతు మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ వంగి, మెతుకు మిగలకుండా, చివరి ముద్ద కలుపుకుంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ ఆకు మడిచాక మొదటి మాట ద్వారమంత్రమే కావాలి.